అమ్మన్న గారి ఖాళీ క్యారేజీ

పండగ పూట అమ్మన్న గారికి సొంతింట్లో ముద్ద దిగదు.

మామూలు రోజుల్లో ఆయనంత బుద్ధిమంతుడైన మామగారు బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మొత్తం గాలించినా దొరకడు. పెట్టింది తింటాడు. కూరలో ఉప్పు తక్కువైతే బాగుందంటాడు, ఎక్కువైతే ఇంకా బాగుందంటాడు. కానీ ఉగాదైనా, చవితైనా, దసరా అయినా సరే, పొయ్యి మీద మూకుడు పెట్టి నూనె పోశారంటే ఆయన కాళ్ళకు చక్రాలు మొలుస్తాయి. గూడ్సు గార్డుగా పనిచేసిన రోజుల నాటి నాలుగు గిన్నెల ఇత్తడి క్యారేజీ అటక మీంచి దించుతాడు. చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతాడు. అది ఖాళీగా పట్టుకుని, రెండో చేత్తో మనవరాలు తనూజ చెయ్యి పట్టుకుని బయల్దేరతాడు. లోకంలో జనం పండగనాడు నిండు గిన్నెలతో వెళ్ళి ఖాళీ గిన్నెలతో తిరిగొస్తారు. ఈయన ఖాళీ గిన్నెలతో వెళ్ళి నిండు గిన్నెలతో వస్తాడు.

దీన్ని అడుక్కోవడం అనే అంటారు. కోడలు హరిప్రియ ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు గానీ, లోపల అనుకోని పండగ లేదు.

హరిప్రియది హనుమకొండ. బ్యాంకు పరీక్ష రాసి, ఆఫీసరై, బిలాస్‌పూర్ బ్రాంచికి వచ్చింది. అమ్మన్న గారి కొడుకు గిరిబాబు రైల్వేలో సిగ్నళ్ళ ఇంజనీరు. ఖాతాలో చిరునామా మార్పించుకోవడానికి ఆవిడ దగ్గరకెళ్ళాడు. మార్చిన చిరునామాలో తప్పుందని మళ్ళీ వెళ్ళాడు. అలా వెళ్ళి వెళ్ళి చివరికి ఆవిడ చిరునామానే మార్చేశాడు.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి వినాయక చవితికి హరిప్రియ తెల్లారకముందే లేచింది. హనుమకొండలో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేసి, రుబ్బిన పిండిని ఫోనుకు చూపించి, ఆవిడ సరేనన్నాకే గారెలు వేసింది. ఉండ్రాళ్ళు, పులిహోర, బూరెలు, అన్నీ అయ్యాయి. అమ్మన్న గారు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి, వరసగా ఉన్న గిన్నెలన్నిటినీ తనిఖీకొచ్చిన ఆఫీసరులా వంగి వంగి చూశాడు. చాలా బాగున్నాయమ్మా అన్నాడు. అని, క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాటాక వచ్చి గిన్నెలు విప్పాడు. ఒకదాంట్లో ఎవరింటివో మాడిన బూరెలు. ఇంకోదాంట్లో గడ్డకట్టిన పులిహోర. మూడోదాంట్లో ఉన్నదేమిటో చేసినవాళ్ళకైనా తెలుసో లేదో. అవన్నీ ఆయన అరమోడ్పు కళ్ళతో తింటుంటే, హరిప్రియ వంటింట్లోకి వెళ్ళి తను వేసిన గారె ఒకటి కొరికి చూసుకుంది. మెత్తగా, దూదిలా ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది.

గిరిబాబు వెనకాలే వచ్చి, అది నీ వంట తప్పు కాదని, తన తల్లి మంగాయమ్మ బతికున్నన్నాళ్ళూ ఇదే వరస అని చెప్పాడు. మంగాయమ్మ మొదట్లో పోట్లాడిందట. తర్వాత అలిగిందట. ఆ తర్వాత పండగనాడు ఒక మనిషికి తక్కువ వండటం నేర్చుకుందట.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో కూడా మంగాయమ్మే తేల్చింది. పుష్య పున్నమికి బిలాస్‌పూర్ చుట్టూ ఉన్న ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఛేర్‌ఛేరా అని పండగ. కొత్త వడ్లు ఇంటికొచ్చాక పిల్లలంతా సంచులు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి గింజలడుగుతారు. ఆ రోజు అడగటానికి గొప్పా బీదా ఉండదు. పదెకరాల రైతు కొడుకైనా సంచి పట్టాల్సిందే. అమ్మన్న గారి తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి గతౌరా స్టేషను దగ్గర పట్టాల పనిలో చేరిన మనిషి. అక్కడి పిల్లల్తో కలిసి అమ్మన్న గారు చిన్నప్పుడు ఆ సంచి పట్టాడు. పిల్లలందరికీ ఆ పండగ ఒక్కరోజులో దిగిపోయిందని, తన మొగుడికి మాత్రం ఏడాది పొడవునా అలాగే ఉండిపోయిందని మంగాయమ్మ చెప్పేదట.

ఊరికే అడిగితే హరిప్రియ ఎలాగో సర్దుకునేదే. అడిగే ముందు ఆయన చెప్పే కారణం దగ్గరే చిక్కొచ్చి పడింది. ఏ గుమ్మం ముందు నిలబడినా ఒకటే పాట.

"మా కోడలు బంగారమమ్మా. బ్యాంకులో ఆఫీసరు. లెక్క తప్పదు. కానీ గారె వేసిందంటే మాత్రం, అది పట్టాల మీద పెడితే గూడ్సు ఆగిపోవాల. పండగ పూట పిల్ల నోరు ఎండిపోతంది, ఏటుంటే అది పెట్టు తల్లీ."

పక్కనే తనూజ, తాత నేర్పినట్టుగా, నోరు ఎండిపోయిన పిల్లలా మొహం పెట్టేది.

ఆ మాట పట్టాలు దాటి, బుధవారీ బజారు దాటి, నేరుగా బ్యాంకులోకి వచ్చింది. కౌంటరు ముందు వరసలో నిలబడ్డ ఒక పెద్దావిడ పాస్‌బుక్కుతో పాటు మినప్పప్పు పొట్లం ఒకటి అద్దం కిందనుంచి తోసి, రాత్రి నానబెట్టకూడదమ్మా, పొద్దున్న నానబెట్టు, మెత్తగా వస్తాయని గుట్టుగా చెప్పింది. తఖత్‌పూర్ నుంచి వచ్చే రైతొకాయన, తన భార్య బరాలు, అంటే మన గారెలే, వేస్తే మబ్బుల్లా ఉంటాయని, కావాలంటే వచ్చి నేర్పిస్తుందని హిందీలో అభయమిచ్చాడు. చివరికి మేనేజరు గారు కూడా ఆవిణ్ణి గదిలోకి పిలిచి, ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగాడు. హరిప్రియ ఏమీ లేవంది. ఆయన కాసేపు తటపటాయించి, మా ఇంట్లో కూడా మొదట్లో గట్టిగానే వచ్చేవమ్మా అన్నాడు.

హరిప్రియ మొహం ఆ పూటంతా ఎర్రగానే ఉంది. పోనీ మామగారు పెద్ద పెద్ద బంగ్లాలకు వెళ్ళి అడుగుతాడా అంటే అదీ లేదు. లైను అవతలికి, రేకుల కప్పుల సందుల్లోకి వెళ్తాడు. బ్యాంకు ఆఫీసరు మామగారు అక్కడి గుమ్మాల ముందు గిన్నె చాపి నిలబడ్డాడని తలుచుకుంటే, ఎవరూ లేని గదిలో కూడా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకునేది.

అయినా ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఈ ఏడు దీపావళి ముందు జరిగింది.

తనూజ చదివే బళ్ళో పిల్లలకు దయ నేర్పాలని ఒక కార్యక్రమం పెట్టారు. ప్రతి పిల్లా ఇంటినుంచి ఒక మిఠాయి పెట్టె తెచ్చి, బళ్ళో పనిచేసే ఆయాలకు, తుడిచేవాళ్ళకు తన చేత్తో ఇవ్వాలి. హరిప్రియ మంచి కొట్లో కాజూ బర్ఫీ కొని, పెట్టెకు బంగారు రిబ్బను కట్టి పంపింది. సాయంత్రం తల్లుల వాట్సాప్ గుంపులో ఫోటోలు వచ్చాయి. ఒక్కొక్క ఫోటోలో ఒక్కొక్క పిల్ల పెట్టె ఇస్తోంది, పనివాళ్ళు రెండు చేతులా అందుకుంటున్నారు. తనూజ ఫోటో వచ్చింది. అందులో తనూజ తన ఖాళీ టిఫిను డబ్బా చాపి నిలబడి ఉంది. సుఖ్‌మతి బాయి అనే ముసలి ఆయా ఆ డబ్బాలో ఏదో వేస్తోంది.

కింద ఒక తల్లి నవ్వే బొమ్మ పెట్టింది. ఇంకొకావిడ దండం పెట్టే బొమ్మ పెట్టింది. ఆ దండం దేనికో హరిప్రియకు అర్థం కాలేదు. అదే ఎక్కువ బాధించింది.

మర్నాడు బళ్ళోంచి పిలుపొచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. తనూజ పెట్టె ఇచ్చిందట. ఇచ్చి, 'అచ్ఛా బాయీ, మరి నువ్వు నాకేం తెచ్చావు?' అని అడిగిందట. ఆవిడ నివ్వెరపోయి, చివరికి తన మధ్యాహ్నపు మూట విప్పి, ఇంట్లో చేసుకున్న ఠేఠ్రీలు, శనగపిండి కారప్పుల్లలు, గుప్పెడు తీసి డబ్బాలో వేసిందట. పిల్ల అక్కడే నిలబడి అన్నీ తినేసిందట. పేదవాళ్ళ దగ్గర లాక్కోకూడదని పిల్లకు ఇంట్లో చెప్పాలి కదా అంది మేడమ్. హరిప్రియ తల ఊపింది. మెట్లు దిగుతూ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం అమ్మన్న గారు వీధి వరండాలో కూచుని, దీపావళి కోసం క్యారేజీ తోముతున్నాడు. హరిప్రియ ఎదురుగా వచ్చి నిలబడింది. ఇన్నాళ్ళ మాటలూ ఒక్కసారే వచ్చాయి. తన వంటను ఊరంతా చాటినా ఊరుకున్నానంది. బ్యాంకులో తలెత్తుకోలేకపోయినా ఊరుకున్నానంది. తన బిడ్డ అడుక్కుంటుంటే మాత్రం ఊరుకోనంది.

"ఇగ చాలు మామయ్యా. ఈ ఇంట్లోంచి ఆ క్యారేజీ ఖాళీగా బయటికి పోవద్దు."

అమ్మన్న గారు తోమడం ఆపాడు. మనవరాలు తిన్న ఠేఠ్రీలు ఎలాగున్నాయందో అడగబోయినట్టు నోరు తెరిచి, కోడలి మొహం చూసి మూసుకున్నాడు. అలాగేనమ్మా అన్నాడు. క్యారేజీ కడిగి, తుడిచి, తనే స్టూలెక్కి అటక మీద పెట్టేశాడు. ఆయన అంత సులువుగా ఒప్పుకోవడం హరిప్రియకు గెలిచినట్టు అనిపించలేదు. చంటిపిల్లాడి చేతిలో బొమ్మ లాక్కున్నట్టుంది.

దీపావళి వచ్చింది. పొద్దున్నే మామగారు తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని, బుద్ధిగా భోజనాల బల్ల దగ్గర కూచున్నాడు. ఏం చెయ్యాలో తెలియక చెంచాలు లెక్కపెడుతున్నాడు. తనూజ గుమ్మంలో కూచుని చెప్పులు తొడుక్కుంటోంది, విప్పుతోంది.

అంతలో ఆయన ఫోను మోగింది. అమ్మన్న గారికి కాస్త చెవుడు. ఏ ఫోనైనా పెద్ద గొంతులో పెట్టే మాట్లాడతాడు కాబట్టి, ఆయన ఫోను అంటే ఇంటిల్లిపాదికీ ఫోను. అవతల చిన్నతల్లి.

చిన్నతల్లిని హరిప్రియ ఎరుగును. స్టేషను ప్లాట్‌ఫారాలు తుడిచి తుడిచి నడుం వంగిన మనిషి. ఇప్పుడు కాలనీలో కాలవలు తీస్తుంది. ప్రతి పండక్కీ పెరటి గేటు దగ్గరకొస్తుంది, హరిప్రియ చీర, మిఠాయి పొట్లం ఇస్తుంది. ఆ విషయంలో తన చెయ్యి పెద్దదనే హరిప్రియ నమ్మకం.

"గార్డుబాబూ, ఇంకా రాలేదేటి? గవ్వలు పాకంలో ఏసీసాను. సల్లారిపోతే పిల్ల కొరకలేదు."

హరిప్రియ పొయ్యి దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు మామగారు నిజం చెప్తాడు, కోడలు వద్దందని. ఆ మాట రేపటికి కాలనీ అంతా తెలుస్తుంది. ఆవిడ గరిటె పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"మోకాలు పట్టీసిందమ్మా," అన్నాడు అమ్మన్న గారు. "రాత్రి నుంచీ అడుగు పడ్డం లేదు. ఈపాలికి రాలేను."

పోనీ తనే తెచ్చి ఇస్తానంది చిన్నతల్లి. వద్దమ్మా, నువ్వెక్కడ వస్తావు ఎండలో అని, మరో మాటకు సందివ్వకుండా ఫోను పెట్టేశాడు.

ఆవిడ తెస్తానంటే ఎందుకు వద్దన్నారని హరిప్రియ అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాడాయన. మళ్ళీ అడిగింది. ఆయన చెంచాలన్నీ ఒక వైపుకు జరిపి, బల్లతో చెబుతున్నట్టు చెప్పాడు.

"ఇక్కడికొస్తే పెరటి గేటు కాడే నిలబడతాదమ్మా. ఎన్నేళ్ళు పిలిచినా లోపలికి రాలేదు. నేనెళ్తే మాత్రం ముందరింట్లో కుర్చీ వేసి, ఆవిడ పెడతాది, నేను తింటాను. ఏడాదికి ఆ నాలుగు పండగలే గదా."

హరిప్రియకు అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు చిన్నతల్లి చీర అందుకుంటూ, కొంగు కింద దాచి తెచ్చిన చిన్న పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. బెల్లం గవ్వలు. హరిప్రియ నవ్వుతూనే తీసుకుంది. లోపలికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. చీమలు పట్టేదాకా అవి అక్కడే ఉన్నాయి. ఎవరితోనూ ఏమీ అనకుండా ఆ పొట్లం తీసి బయట పారేసింది మామగారేనని కూడా ఇప్పుడే తట్టింది. మేడమ్ గదిలో అంతగా కాలని మొహం, సొంత వంటింట్లో, ఉడుకుతున్న పప్పు ముందు భగ్గున కాలింది.

ఆవిడ పొయ్యి ఆపింది. స్టూలు వేసుకుని అటక మీంచి క్యారేజీ దించింది.

అమ్మన్న గారు లేవబోయాడు. మీకు మోకాలు పట్టేసింది గద మామయ్యా, మీరు కూచోండి అంది హరిప్రియ. ఆడిన అబద్ధానికి కట్టుబడక తప్పక ఆయన మళ్ళీ కూచున్నాడు. తనూజ అప్పటికే చెప్పులతో గేటు దగ్గరుంది.

ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగేసరికి హరిప్రియకు ఎదురైన ప్రతి మనిషీ ఆ క్యారేజీనే చూస్తున్నట్టుంది. బ్యాంకులో ఖాతా ఉన్న ఒకాయన నమస్కారం పెట్టి, ఎవరికో భోజనం తీసుకెళ్తున్నారా మేడమ్ అన్నాడు. ఆవిడ అవునని, వెంటనే కాదని, రెంటికీ కలిపి తల ఊపింది. లైను అవతల సందులో తనూజ ముందు పరుగెత్తింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. పాపను పేరు పెట్టి పిలిచారు. వెనక వస్తున్న హరిప్రియను చూసి పిలుపులు ఆపి, కొంగులు సర్దుకున్నారు.

చిన్నతల్లి ఆవిణ్ణి చూసి హడలిపోయింది. ఏమైనా తప్పు జరిగిందేమోనని, పాప ఏమైనా చేసిందా అని అడిగింది. హరిప్రియ నోరు తెరిచింది. లక్షల అప్పులు నిరాకరించిన గొంతు, నాలుగు గవ్వలు అడగడానికి పెగల్లేదు. తనూజ అమ్మ చేతిలోంచి క్యారేజీ లాక్కుని, పై గిన్నె విప్పి చాపింది. అమ్మ గారెలు రాళ్ళలాగా వచ్చాయి మామ్మా, ఆకలేస్తోంది, ఏముంటే అది పెట్టంది. ఎండిపోయిన మొహం కూడా పెట్టింది.

చిన్నతల్లి ఆ పిల్లను చూసింది, తల్లిని చూసింది. నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసింది.

"మీ గారెలు బాగుంటాయని నాకు తెల్దేటమ్మా. గార్డుబాబే ఒకపాలి నోరు జారీసినాడు, మా కోడలి గారె నోట్లో ఏస్తే కరిగిపోతాదని. ఆ మాట ఎవలికీ సెప్పకే అని ఒట్టేయించుకున్నాడు." కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపి అంది. "అలగ సెప్తేనే గదమ్మా మా సేతిది మీకు పెట్టగలం. అన్నీ ఉన్నోళ్ళకి మేమేటి పెడతాం, దండం పెడతాం."

కంచంలో గవ్వలు తెచ్చింది. పాకం ఇంకా వేడిగా ఉంది. హరిప్రియ చేతికి అందిస్తూ, పోయినేడు ఇచ్చినవి మెత్తబడిపోయి ఉంటాయమ్మా, అందుకే ఈపాలి ముదురు పాకం పట్టాను, ఇవి తినమ్మా అంది.

అవి ఎవరూ తినలేదని ఆవిడకు తెలుసు. తెలిసీ, తప్పు పాకం మీదికి నెట్టేసింది. హరిప్రియ తల వంచుకుని ఒక గవ్వ నోట్లో పెట్టుకుంది. కరకరలాడింది. నిజంగానే బాగుంది. బాగుందని చెబుదామంటే ఏడుపొచ్చేలా ఉంది గనక, ఇంకొకటి తీసుకుంది. ఆ తర్వాత ఇంకొకటి. కంచం ఖాళీ అయ్యేవేళకు చిన్నతల్లి కోడలు వెళ్ళి మరికొన్ని తెచ్చింది. చిన్నతల్లి గుమ్మంలోకి వెళ్ళి, ఎదురింటావిడకు వినబడేలా, ఆపీసరమ్మ గవ్వలు తింటంది, మాటాడించకండి అని చెప్పింది.

బయటికొచ్చాక హరిప్రియ ఇంటివైపు తిరిగింది. తనూజ కొంగు పట్టి లాగింది. ఇంకా రెండిళ్ళున్నాయంది. ఒకింట్లో ఆవిడకు ఈ మధ్యే భర్త పోయాడు. ఏడాది దాకా పండగ చెయ్యరు గనక ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. కానీ వెళ్తే పప్పన్నం పెడుతుంది. రెండోది సందు చివర. రమణబాబని, రిటైరైన టికెట్ కలెక్టరు. ఊరందరితోనూ పోట్లాడి ఒక్కడే ఉంటాడు. పండగనాడు పులిహోర కలుపుతాడు, తాత తప్ప దాన్ని ఎవరూ తినలేరట. ముందు ఆయన దగ్గరకే వెళ్ళాలి, ఆలస్యమైతే తిడతాడు.

నడుస్తూ నడుస్తూ తనూజ అడిగింది.

"అమ్మా, నీకు శరమ్ వచ్చిందా?"

"వచ్చింది."

"బహుత్?"

"చాలా."

"తాతకి కూడా వస్తుంది. ప్రతి ఇంటి ముందూ వస్తుందంట. అందుకే నన్ను తీసుకెళ్తాడు. నా చెయ్యి పట్టుకుంటేనే తలుపు కొట్టగలడంట."

హరిప్రియ నడక ఆగింది. ఆ మనిషికి సిగ్గే లేదని ఇన్నేళ్ళూ అనుకుంది. గుమ్మం గుమ్మం ముందు గుటకలు మింగుతూ, చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఆ పొడుగాటి ముసలాయన ఇప్పుడు కనిపించాడు.

క్యారేజీ ఎడమ చేతిలోకి మార్చుకుంది. కుడిచెయ్యి తనూజకిచ్చింది. సందు చివరి తలుపు కొట్టడానికి ఆ ఎడమ మోచేతే వాడాల్సొచ్చింది గానీ, కొట్టింది తనే.

లోపల్నుంచి దగ్గు, తర్వాత కేక వినబడ్డాయి. ఇంతసేపా రావడం, పులిహోర ఎప్పుడో చల్లారిపోయింది అని.

"చల్లారినా పర్లేదండీ," అంది హరిప్రియ. "పెట్టండి."